వర్డ్‌లో ఎక్స్‌ఎంఎల్ సవరణ: మైక్రోసాఫ్ట్, ఐఫోర్‌ఐ పేటెంట్ వివాదం

కంప్యూటర్‌లో పత్రం రాసేవారికి తెరపై అక్షరాలే కనిపిస్తాయి. ఏది శీర్షిక, ఏది చిరునామా, ఏది ఔషధ మోతాదు అని యంత్రానికి తెలిపే గుర్తులు తెర వెనుక ఉంటాయి. ఈ గుర్తులను పాఠంలో కలపకుండా విడిగా భద్రపరచి, పాఠాన్ని, దాని నిర్మాణాన్ని వేర్వేరుగా సవరించే విధానానికి కెనడాలోని టొరంటోకు చెందిన ఐఫోర్‌ఐ సంస్థ 1994లో అమెరికాలో దరఖాస్తు చేసింది. 1998లో 5,787,449 సంఖ్యతో పేటెంట్ లభించింది.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని కస్టమ్ ఎక్స్‌ఎంఎల్ సవరణ సదుపాయం ఈ పేటెంట్‌ను ఉల్లంఘిస్తున్నదంటూ ఐఫోర్‌ఐ 2007లో టెక్సాస్ తూర్పు జిల్లా ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2009 మే నెలలో జ్యూరీ 20 కోట్ల డాలర్ల నష్టపరిహారం నిర్ణయించింది. ఉల్లంఘన ఉద్దేశపూర్వకమని కూడా జ్యూరీ తేల్చినందున న్యాయమూర్తి మరో 4 కోట్ల డాలర్లు జోడించి, ఆ సదుపాయం గల వర్డ్ ప్రతులను అమెరికాలో విక్రయించరాదని ఆదేశించారు. ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం అదే ఏడాది డిసెంబరులో తీర్పును సమర్థించింది. నిషేధం 2010 జనవరి 11 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందే కొన్నవారికి అది వర్తించలేదు. మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయాన్ని తొలగించి కొత్త ప్రతులను విక్రయించింది.

వివాదం సుప్రీంకోర్టుకు చేరేసరికి ప్రశ్న మారింది. పేటెంట్ చెల్లదని వాదించేవారు ఏ స్థాయి రుజువు చూపాలి? పేటెంట్ దరఖాస్తుకు ఏడాదికి పైగా ముందే ఐఫోర్‌ఐ ఎస్4 అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో విక్రయించిందని, అందులో ఇదే విధానం ఉన్నదని మైక్రోసాఫ్ట్ వాదన. అది నిజమైతే పేటెంట్ చెల్లదు. లేదని ఆవిష్కర్తలు సాక్ష్యమిచ్చారు. చిక్కేమంటే, ఎస్4 సోర్స్‌కోడ్ దావాకు ఎన్నో ఏళ్ల ముందే నాశనమైంది. అసలు వస్తువు లేకుండా దాని స్వరూపంపై వాదించవలసి వచ్చిందన్నమాట. కనుకనే రుజువు స్థాయి నిర్ణాయకమైంది. పేటెంట్ కార్యాలయం ఎన్నడూ పరిశీలించని ఆధారం కాబట్టి, సాధారణ సివిల్ దావాలవలె మొగ్గు ఎటున్నదో చూస్తే చాలునని మైక్రోసాఫ్ట్ కోరింది.

2011 జూన్ 9న సుప్రీంకోర్టు ఈ వాదనను తిరస్కరించింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ విచారణలో పాల్గొనలేదు. మిగిలిన ఎనిమిది మందీ ఏకాభిప్రాయానికి వచ్చారు. పేటెంట్ చెల్లదనడానికి స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం అవసరమని న్యాయమూర్తి సోనియా సోటోమయర్ తీర్పులో పేర్కొన్నారు. అయితే కార్యాలయం చూడని ఆధారానికి జ్యూరీ ఎక్కువ బరువు ఇవ్వవచ్చునని, ఆ మేరకు సూచన కోరవచ్చునని చెప్పారు. దిగువ న్యాయస్థానంలో మైక్రోసాఫ్ట్ అలాంటి సూచన కోరలేదు!

భారతదేశంలో పరిస్థితి భిన్నం. పేటెంట్ మంజూరైనంత మాత్రాన అది చెల్లుబాటు అవుతుందన్న హామీ లేదని 1970 నాటి చట్టంలోని 13(4) సెక్షన్ చెబుతున్నది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు కేవలం ప్రోగ్రామ్‌గా పేటెంట్ ఇవ్వరాదని 3(కె) నిర్దేశిస్తున్నది. మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయినందున, కంట్రోలర్ నిర్ణయాలపై అప్పీళ్లు ఇప్పుడు హైకోర్టులకు వెళుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి.