పీఆర్ఆర్ఎస్ వైరస్: పట్టుకోవడం, పోల్చడం

పీఆర్ఆర్ఎస్ పందుల అంటువ్యాధి. చూడి పందులకు గర్భస్రావాలవుతాయి, పిల్లలకు ఊపిరి అందదు. మనుషులకు సోకదు. దీని వైరస్ ఆర్‌ఎన్‌ఏలో సుమారు 15 వేల అక్షరాలుంటాయి. అవి చాలా వేగంగా మారిపోతుంటాయి.

1980ల చివర్లో అమెరికా ఫారాల్లో ఈ జబ్బు బయటపడింది. కారణం అంతుపట్టక పశువైద్యులు దాన్ని ‘మిస్టరీ వ్యాధి’ అన్నారు. 1990 చివర్లో జర్మనీలో, 1991 మొదట్లో నెదర్లాండ్స్‌లో అదే బాపతు జబ్బు కనిపించింది. కొన్ని పందులకు చెవులు నీలంగా మారడంతో బ్రిటన్‌లో ‘నీలి చెవి’ జబ్బన్నారు.

వైరస్ మొదట చిక్కింది నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్ పశువైద్య సంస్థలో. వైరస్‌ను పట్టాలంటే అది పెరగడానికి జీవకణాలు కావాలి. ఈ వైరస్‌కేమో చాలా రకాల కణాలు పనికిరావు. గెర్ట్ వెన్స్‌వూర్ట్ బృందం పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన మాక్రోఫేజ్ కణాల్లో నమూనాలు వేసి చూసింది. రోగక్రిములను మింగేయాల్సిన ఆ రక్షక కణాల్లోనే వైరస్ పెరిగి, వాటిని చంపేసింది. ఇలా 20 పంది పిల్లల్లో 16 పిల్లల నుంచి వైరస్ దొరికింది. దొరికినంత మాత్రాన అదే దోషి అనలేం కదా! అందుకని 8 చూడి పందుల ముక్కుల్లో దాన్ని వేశారు. అదే జబ్బు వచ్చింది. ‘లెలిస్టాడ్ వైరస్’ వివరాలు 1991లోనే అచ్చయ్యాయి. మరుసటి ఏడాది అమెరికా శాస్త్రవేత్తలు తమకు దొరికిన రకాన్ని ప్రకటించారు. దాని పేరు వీఆర్-2332.

రెండు ఖండాల్లో ఇంచుమించు ఒకే సమయంలో ఒకే లక్షణాలు. ఒకే వైరస్ సముద్రం దాటిందని ఎవరైనా అనుకుంటారు. జన్యువులు చదివితే మాత్రం రెండింటికీ పోలిక 60 శాతం దగ్గరే ఆగిపోయింది. అంత తేడా మూడు నాలుగేళ్లలో వచ్చేది కాదు. జబ్బు బయటపడకముందే ఈ రెండు శాఖలూ వేరువేరు దారుల్లో చాలాకాలం నడిచాయన్నమాట. కెనడాలోని ఆంటారియోలో 1979లో సేకరించి దాచిన పందుల సీరంలోనూ ఈ వైరస్ యాంటీబాడీలు కనిపించాయి. ఎలుకల వైరస్ ఒకటి ఐరోపా అడవి పందుల్లోకి చేరిందనీ, 1912లో నార్త్ కరోలినాకు తెచ్చిన అడవి పందులతో అమెరికాకు వచ్చిందనీ శాస్త్రవేత్త ప్లేగ్‌మన్ 2003లో ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఊహ ఆసక్తికరమే గానీ రుజువు కాలేదు. ఇప్పుడు ఐరోపా, అమెరికా శాఖలను వేరువేరు వైరస్ జాతులుగానే లెక్కిస్తున్నారు.

రకాలను పోల్చడానికి ఎక్కువగా వాడింది ఓఆర్ఎఫ్-5 అనే జన్యువును. అది సుమారు 600 అక్షరాలే, పైగా త్వరగా మారుతుంది. మొదట్లో దాన్ని మూడు ఎంజైములతో కత్తిరించి, ఏ ముక్కలు పడ్డాయో చూసి, రకానికి మూడంకెల గుర్తు ఇచ్చేవారు. వీఆర్-2332 గుర్తు 2-5-2.

ఈ పోలికల అవసరం డెన్మార్క్‌లో బాగా తెలిసొచ్చింది. అమెరికా రకం నుంచి తయారైన సజీవ టీకాను అక్కడ 1996లో వాడారు. ఆ తర్వాత టీకా వేయని మందల్లోనూ గర్భస్రావాలు మొదలయ్యాయి. ఆ పందుల్లోని వైరస్‌ను పోల్చి చూస్తే అది టీకాలోదేనని తేలింది. బలహీనపరిచిన వైరస్ పందుల మధ్య తిరుగుతూ మళ్లీ బలం పుంజుకుంది.

2006లో చైనాలో తీవ్ర జ్వరంతో 20 లక్షలకు పైగా పందులు జబ్బుపడ్డాయి, సుమారు 4 లక్షలు చనిపోయాయి. దానికి కారణమైన పీఆర్ఆర్ఎస్ వైరస్ ఎన్ఎస్‌పీ-2 ప్రోటీన్‌లో రెండు చోట్ల కలిపి 30 అమైనో ఆమ్లాలు లేవు. ఉగ్రతకు కారణం ఈ లోటేనని చాలామంది అనుమానించారు. ప్రయోగశాలలో వైరస్‌ను మార్చి పరీక్షించిన చైనా శాస్త్రవేత్తలు అది కారణం కాదని 2009లో చూపించారు. అయినా ఆ లోటు ఈ రకానికి ఆనవాలుగా మిగిలింది.

భారత్‌లో ఈ వ్యాధి తొలిసారి 2013లో మిజోరంలో విజృంభించింది. అక్కడ దొరికిన వైరస్ జన్యువులు అమెరికా శాఖకు చెందిన ఈ చైనా ఉగ్ర రకానికే దగ్గరగా ఉన్నాయి.