నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు: బాధ్యత ఎవరిది?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు నెల్లూరు తీరంలో రొయ్య ధర పడిపోయింది. రైతు మునిగిపోయాడన్నారు అందరూ. ధనిక దేశం పేద దేశాన్ని తొక్కేస్తోందన్న పాత మాట మళ్ళీ వినబడింది. అది అబద్ధమని మేం అనం. కానీ ఆ రైతు ఎవరు, ఆ పేద దేశంలో ఉన్నదెవరు అని అడక్కుండా ఆ మాటను ఒప్పుకోలేం.

1991లో సరళీకరణ విధానాలు వచ్చాయి. ప్రభుత్వానికి డాలర్లు కావాల్సొచ్చాయి. 1992లో ప్రపంచ బ్యాంకు రొయ్యలు, చేపల సాగు కోసం మన దేశానికి అప్పు మంజూరు చేసింది. ఎగుమతుల సంస్థ ఎంపెడా సబ్సిడీలు ఇచ్చింది. జపాన్, అమెరికా, యూరప్ దేశాల్లో టైగర్ రొయ్యకు గిరాకీ. కోట, వాకాడు, చిల్లకూరు మొదలుకొని ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు దాకా ఉప్పుటేళ్ళ పక్కన గుంటలు లేచాయి. గాట్ ఒప్పందం మీద ఆ రోజుల్లో మనోళ్ళు చాలా సభలు పెట్టారు. డంకెల్ పేరు తెలియని కార్యకర్త లేడు. గుంట గట్టు ఎవరి భూమి మీద లేచిందని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

సముద్రం పక్కన ఇసుక పర్రలు, చవుడు నేలలు ఎవరికీ అక్కర్లేనివి. అందుకే అవి దళితులకు డీకేటీ పట్టాలుగా దక్కాయి. మా తాతకు వచ్చింది కూడా అలాంటిదే. అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం ప్రకారం అప్పట్లో ఆ భూమిని అమ్మడానికే కాదు, కౌలుకు ఇవ్వడానికీ వీల్లేకుండేది. అయినా భూములు చేతులు మారాయి. ఎలాగంటే, ముందు పక్క చేలో గుంట తవ్వుతారు. అందులోకి ఉప్పునీళ్ళు తోడతారు. ఊట మన చేలోకి దిగుతుంది. రెండు కార్లు పోయాక పైరు రాదు. అప్పుడు గుంట ఆసామి వచ్చి, ఊరికే బీడు పెట్టుకునే బదులు లీజుకియ్యి అంటాడు. వేలిముద్ర పడుతుంది. దీన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం అనే వాళ్ళున్నారు!

యానాదులకు ఉప్పుటేట్లో చేప, పీత పట్టుకునే రేవులు పోయాయి. పట్టపోళ్ళకు సముద్రానికి పోయే దారులు మూసుకుపోయాయి. మా పాలెం బావి ఉప్పబడింది. మా అమ్మ బిందె ఎత్తుకుని గట్ల మీదుగా పోతుంటే కాపలావాడు అడ్డం తగిలేవాడు. ఆ కాపలావాడూ మా వాడే. ఆ గుంటలో పోయిన భూమి వాడిదే.

1994 చివర్లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఎత్తిపోయాయి. పెట్టుబడి ఉన్నవాళ్ళు వేరే వ్యాపారాలకు పోయారు. భూమికి పట్టిన ఉప్పు ఎక్కడికి పోతుంది?

తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో 600 మంది మత్స్యకారులకు తాగునీళ్ళు లేకుండా పోయిన సంగతి ఆ తీర్పులో ఉంది. ఆడోళ్ళు గొడవ చేశాకే అక్కడికి ట్యాంకర్లు వచ్చాయి. తీర నియంత్రణ మండలంలో గుంటలు తీసెయ్యాలనీ, సాగు భూముల్ని గుంటలు చెయ్యకూడదనీ, పాడుచేసినవాళ్ళే నష్టపరిహారం కట్టాలనీ కోర్టు చెప్పింది. పని పోయే కూలీలకు ఆరేళ్ళ జీతం అదనంగా ఇమ్మంది. రొయ్యల మీద వచ్చే రాబడి కంటే జరిగిన నష్టమే ఎక్కువని తేల్చింది. ఇంతకంటే స్పష్టంగా ఏ కోర్టు చెబుతుంది?

2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 1991 ఫిబ్రవరి 19 నాటి తీర నియంత్రణ ఉత్తర్వు రొయ్యల సాగుకు వర్తించదని, అదీ వెనక తేదీ నుంచే వర్తించదని అందులో రాసుకుంది. కోర్టు తీర్పుకు ఆధారమే లేకుండా పోయింది. దీన్ని డబ్ల్యూటీఓ రాయలేదు, వాషింగ్టన్ రాయలేదు. మనం ఓట్లేసి పంపినవాళ్ళే రాశారు.

విదేశీ కొనుగోలుదారు తప్పు లేదని మా వాదన కాదు. వాడు ధర తగ్గిస్తే ఎగుమతిదారు గుంట ఆసామి దగ్గర కోస్తాడు, ఆసామి కూలీ దగ్గర కోస్తాడు. ఫ్యాక్టరీలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే ఆడమనిషికి కోయడానికి ఇంకెవరూ మిగలరు. ధర నిర్ణయించేది అక్కడ. భూమి లాక్కున్నది మాత్రం ఇక్కడి కులం, ఇక్కడి రెవెన్యూ ఆఫీసు. వాడలో భూమీ నీళ్ళూ ఇంత చవగ్గా దొరక్కపోతే ఆ ధరకు రొయ్య ఓడ ఎక్కేదే కాదు. రెండు దోపిడీలనూ కలిపి పేద దేశం అని ఒకే పేరు పెడితే రెండోది చేసినవాడు కూడా బాధితుల వరసలోనే నిలబడతాడు.

2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్ళీ నిండాయి. 2023-24లో దేశం 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తుల్ని ఎగుమతి చేస్తే, అందులో దాదాపు మూడింట రెండొంతులు గడ్డకట్టించిన రొయ్యదే. 2025లో సుంకం దెబ్బ తగిలినప్పుడు మేత ధర తగ్గించమనీ, కరెంటు రేటు తగ్గించమనీ అడిగారు. పోయిన పని దినాలకు కూలీ ఇమ్మన్న మాట, లీజు భూముల లెక్క తియ్యమన్న మాట ఆ కోరికల్లో మాకు కనబడలేదు.

మా తాత పట్టా కాగితం ఇంకా మా ట్రంకుపెట్టెలోనే ఉంది. అందులో ఆ భూమిని మెట్ట అని రాసుంది. అక్కడిప్పుడు ఏరియేటర్లు తిరుగుతున్నాయి.