కుక్కపిల్లకి టాయిలెట్ ట్రైనింగ్: 1951 నాటి టిక్ టిక్ బొమ్మ

మా టామీ హాల్లో పాస్ పోస్తే మొదట్లో నేనూ దాని ముక్కు అందులో రుద్దేవాణ్ణి. అది నేర్చుకుంది ఒక్కటే: నాకు కనబడకుండా సోఫా వెనక పోయడం!

1898లోనే అమెరికాలో థార్న్‌డైక్ పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూశాడు. ఏ పని చేస్తే బయటపడి తిండి దొరికిందో, ఆ పనే మళ్లీ మళ్లీ చేశాయి.

మరి తిండి లేటుగా ఇస్తే? అసలు చిక్కంతా ఇక్కడే. మనం బిస్కెట్ తీసేలోపు కుక్క ఇంకేదో చేసేస్తుంది. 1951లో బి.ఎఫ్. స్కిన్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దీనికి ఉపాయం రాశాడు. టిక్‌మనే పిల్లల బొమ్మ తీసుకోండి. ఆ చప్పుడు వినబడితే తిండి వస్తుందని ముందు కుక్కకి అలవాటు చెయ్యండి. తర్వాత సరైన పని చేసిన క్షణంలోనే నొక్కండి. ఆయన శిష్యులు బ్రెలాండ్ దంపతులైతే 1940ల్లోనే జంతువులకి ఇలా ట్రైనింగిచ్చే కంపెనీ పెట్టేశారు.

ఇప్పుడు నేను బిస్కెట్ జేబులో పెట్టుకుని వేపచెట్టు దగ్గరే నిలబడతా. పని అవగానే "గుడ్", వెంటనే ముక్క. ఇంట్లోకొచ్చాక ఇస్తే, లోపలికొచ్చినందుకే ఇచ్చాననుకుంటుంది మరి.