ప్రసవవేళ భయము: గర్భాశయముపై, రక్తప్రసరణముపై దాని ప్రభావము

గౌతమీ తీరమున జొన్నాడ వంటి గ్రామములలో, నది దాటవలెనన్న పడవయే గతియైన కాలమున, పురుడు పోయుట మంత్రసాని పని. ఆమెతోపాటు ఇరుగుపొరుగు తల్లులు పురిటింట కూర్చుండి, నొప్పులు పడుచున్న పిల్ల నడుము రాయుచు ధైర్యము చెప్పుచుండెడివారు. అనేక పర్యాయములు ప్రసవించిన స్నేహశీలలగు స్త్రీలు గర్భిణిని ఓదార్చుచుండవలెనని చరకసంహిత శారీరస్థానముననే విధింపబడినది. ఆ ఊరడింపు దేహమున ఏమి చేయునో శాస్త్రము గ్రహించుటకు మాత్రము చిరకాలము పట్టెను.

అధివృక్కగ్రంథి (అడ్రినల్) సారము రక్తపీడనమును తీవ్రముగా పెంచునని శాస్త్రజ్ఞులు ఆలివర్, షేఫరులు 1894 ప్రాంతమున కనుగొనిరి. భయక్రోధములు కలిగినపుడు ఆ గ్రంథిస్రావము రక్తమును ఉదరావయవములనుండి కాలుచేతుల కండరములకు మరల్చునని 1915లో శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ వివరించెను. భయము బిగువును, బిగువు నొప్పిని, నొప్పి మరల భయమును పెంచునని ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1930ల నుండి బోధించెను. ఆతని దృష్టి గొప్పదే. కాని నొప్పికి మూలము భయమే యనుట తల్లులకు అన్యాయము, నిర్భయురాలికిని నొప్పి తప్పదు గదా!

ఈ స్రావములను కణములపై అందుకొను గ్రాహకములలో ఆల్ఫా, బీటా రకములను 1948లో శాస్త్రజ్ఞుడు ఆల్‌క్విస్ట్ వేరుపరచిన పిమ్మట విషయము తేటపడెను. అధివృక్కగ్రంథి స్రావమగు అడ్రినలిన్ బీటా గ్రాహకముల మూలమున గర్భాశయ కండరమును సడలించి నొప్పులను మందగింపజేయును. దానికి తోడగు నార్‌అడ్రినలిన్ ఆల్ఫా గ్రాహకముల మూలమున గర్భాశయ ధమనులను సంకోచింపజేయును. నిండు చూలాలి గర్భాశయమునకు నిమిషమునకు సుమారు 500 మొదలు 700 మిల్లీలీటర్ల రక్తము పారుచుండును గనుక, ఆ ప్రవాహము మిక్కిలి తగ్గినచో మాయ ద్వారా బిడ్డకు అందు ప్రాణవాయువును తగ్గును. ఆందోళన, అడ్రినలిన్ అధికమైన గర్భిణులలో గర్భాశయ సంకోచములు బలహీనమై కాన్పు దీర్ఘమగుచున్నదని 1978లో లెడర్‌మన్ బృందము ప్రకటించెను. బెదరిన చూలు గొఱ్ఱెలలో నార్‌అడ్రినలిన్ పెరిగి, గర్భాశయ రక్తప్రవాహము తగ్గుటను మరుసటియేడు ష్నైడర్ బృందము చూపెను. అయినను ఈ స్రావములు కేవలము శత్రువులు కావు. పుట్టుచున్న బిడ్డలో అవియే ఊపిరితిత్తుల నీటిని తొలగించి తొలిశ్వాసకు తోడ్పడును.

1980లో ప్రకటింపబడిన గ్వాటెమాలా ఆసుపత్రి పరిశీలన నన్ను మిక్కిలి కదలించినది. ముందెన్నడు నెరుగని ఒక సామాన్య స్త్రీ ప్రక్కన నుండి చేయి పట్టుకొని మాటలాడినంత మాత్రమున, చేరిక మొదలు కాన్పువరకు పట్టిన కాలము సుమారు 19 గంటలనుండి 9 గంటలకు తగ్గెను.

మన దేశమున 2005లో ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించు జననీ సురక్షా యోజన వచ్చిన వెనుక కాన్పులు ఆసుపత్రులకు మరలినవి. రక్తస్రావమునుండి తల్లులను కాపాడుటకు అది ఆవశ్యకమే. కాని తోడువచ్చిన తల్లియో అత్తయో ప్రసవగది తలుపు వెలుపలనే నిలిచిపోయినది. ప్రసవ సహచరిని లోనికి రానీయవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో సూచించినది. మంచమునకు మంచమునకు నడుమ అడ్డుతెర, తల ప్రక్కన ఒక పీట ఏర్పరచనిదే ఆ సూచన కాగితముననే యుండును.