వినోబా అడిగిన భూమి – మనం నేర్వవలసిన పాఠం

అభివృద్ధి చెందుతున్న మన దేశానికి అహింసా మార్గం ఇంకా పనికివస్తుందా అని మన ఇళ్ళలోని పిల్లలు అడుగుతుంటారు. గాంధీజీ శిష్యులలో అగ్రగణ్యుడైన ఆచార్య వినోబా భావే మన తెలంగాణ గడ్డపై చేసిన పనిని పరిశీలిస్తే దీనికి సమాధానం దొరుకుతుందని నా అభిప్రాయం. అయితే అందులోని గొప్పతనంతో పాటు లోటును కూడా చెప్పుకోవాలి.

వినోబాజీ 1895లో మహారాష్ట్రలో జన్మించారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి మొట్టమొదటి సత్యాగ్రహిగా గాంధీజీ ఆయననే ఎంపిక చేశారు. పలుమార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు జైలులో ఉండగా తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషలు నేర్చుకున్నారు.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు శివార్లలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబాజీ వార్ధా సమీపంలోని పవనార్ నుండి కాలినడకన వచ్చారు. అప్పుడు తెలంగాణలో ఒక ప్రక్క సాయుధ పోరాటం, మరొక ప్రక్క సైన్యం. నడుమ నలిగిపోయింది పల్లె జనం. ఆయన జైలులో ఉన్న కమ్యూనిస్టులను కలిసి వారి మాట కూడా విన్నారు. తరువాత నల్గొండ పల్లెల వైపు నడిచారు.

ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులను పిలిచి, మీకేం కావాలని అడిగారు. నలభై కుటుంబాలకు 80 ఎకరాలుంటే బ్రతుకుతామన్నారు. ఊరివారిలో ఇవ్వగలవారు ఎవరైనా ఉన్నారా అని వినోబాజీ అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. సుమారు 51 రోజుల యాత్రలో తెలంగాణ పల్లెలు దాదాపు 12 వేల ఎకరాలు ఇచ్చాయి. తుపాకీ పేలలేదు, కోర్టు మెట్లు ఎక్కలేదు. పేదవాని అవసరాన్ని వాని నోటనే విని, ఉన్నవాని మనసును తట్టడం వల్ల జరిగిన పని ఇది.

తరువాత ఉద్యమం దేశమంతటా వ్యాపించింది. 5 కోట్ల ఎకరాలు లక్ష్యం కాగా 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చింది. కాని వచ్చినదంతా పేదలకు చేరలేదు. కొంత రాళ్ళభూమి, కొంత తగాదాల భూమి. కొన్నిచోట్ల దానపత్రం ఉంది కాని హద్దులు లేవు. మన రాష్ట్రంలో భూదాన, గ్రామదాన చట్టం 1965లో వచ్చింది. అంటే పోచంపల్లి దానం తరువాత పద్నాలుగేళ్ళకు!

గుమాస్తాగా జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి కనుక ఈ లోటు నాకు బాగా అర్థమవుతుంది. దానం చేయడానికి ఒక్క మంచి మాట చాలు. ఆ భూమి పేదవానిది కావాలంటే సర్వే నంబరు కావాలి, కొలత కావాలి, పహాణీలో పేరెక్కాలి, స్వాధీనం ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా తండ్రికి దక్కిన దానం కొడుకు చేతిలో ఉత్త కాగితంగా మిగులుతుంది. చిన్న కుర్చీలో కూర్చున్న మనిషి ఆలస్యం కూడా పేదవాని పట్ల ఒక విధమైన హింసే.

మా అత్వెల్లి నాగపూర్ రహదారి మీద, మేడ్చల్ ప్రక్కనే ఉంది. ఒకప్పుడు ఎకరాల లెక్కన చెప్పుకున్న భూమిని ఇప్పుడు గజాల లెక్కన చెప్పుకుంటున్నారు. ధర పెరిగిన కొద్దీ కాగితం సరిగా లేని పేదవానికి భయం పెరుగుతుంది. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. పహాణీ పుస్తకం నుండి కంప్యూటరుకు మారాము. అయినా చదువురాని రైతు తన కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి ఇంకొకరి మీదనే ఆధారపడుతున్నాడు.

పెన్షనర్ మిత్రులారా! కలం పట్టి బ్రతికిన వాళ్ళం మనం. భూమి దానం చేసే స్తోమత మనలో చాలామందికి లేదు. కాని తీరిక ఉంది, అనుభవం ఉంది. వారానికి ఒక పూట మన ఊరి పేదలకు కాగితాలు చదివిపెట్టి, దరఖాస్తు వ్రాసిపెట్టినా చాలు. వినోబాజీ మొదలుపెట్టిన పనిలో మిగిలిపోయిన భాగం మన వంటి గుమాస్తాల పనే.