మహమ్మారి కాలమున ప్రార్థనా సభ

నారాయణఖేడు ప్రాంతమున బోరంచ అను గ్రామము కలదు. 1956 వరకు ఆ తాలూకా బీదరు జిల్లాలోనిది. బోరంచ నల్లపోచమ్మ గుడి చుట్టుపట్ల ఊళ్ళకెల్ల తెలిసినదే. పోచమ్మ మశూచికమును చల్లార్చు తల్లియని పల్లెవాసుల నమ్మకము. ఇంటిలో అమ్మవారు పోసినపుడు గుమ్మమునకు వేపమండలు కట్టి పరాయివారిని లోనికి రానీయకుండుట, ప్లేగు వచ్చినపుడు ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనుట మన పెద్దలెరిగిన జాగ్రత్తలే. అయితే ఆపదవేళ మనుష్యుని మనస్సు ఏకాంతము కోరదు. పదిమందితో కలిసి మ్రొక్కుకొన గోరును. రోగము ఎడముగా ఉండుమనును, భక్తి దగ్గరకు రమ్మనును. ఈ చిక్కును ఒక యూద సమాజము ఎట్లు విడదీసికొనెనో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

యూదుల సంప్రదాయమున పదిమంది పురుషులు కూడినగాని కొన్ని ప్రార్థనలు చెల్లవు. ఒంటరిగా చేసిన ప్రార్థన వ్యర్థమని కాదు; కాని సమాజముగా చేయవలసినది సమాజముగానే చేయవలెను. ఇట్టి నియమము గలవారికి అంటురోగము వచ్చినచో ధర్మసంకటమే.

మన తెలంగాణమున గత్తర యని పిలువబడిన కలరా 1817లో వంగదేశమున ప్రబలి, దేశదేశములు దాటి 1831 నాటికి ప్రష్యా రాజ్యము చేరెను. పోజెన్ నగరము, అనగా నేటి పోలండులోని పోజ్నాన్, దాని వాత బడెను. అచటి యూదుల మతగురువు అకీవా ఎగర్. అప్పటికి ఆయనకు డెబ్బది యేండ్లు సమీపించినవి. ధర్మశాస్త్రమున ఆయన మాటకు ఐరోపా యంతట తిరుగులేదు. ప్లెషెన్ పట్టణమునందలి శిష్యుడు ఎలియాహు గుట్‌మాకరు సలహా యడుగగా ఆయన వ్రాసిన జాబు నేటికిని నిలిచియున్నది.

ఇరుకు స్థలమున గుంపుగా చేరుట తగదని ఆయన నిశ్చయము. అట్లని ప్రార్థన మానుమనలేదు. సుమారు పదునైదుగురు చొప్పున జట్లుగా ఏర్పడవలెను. తెల్లవారగనే మొదటి జట్టు, అది ముగిసిన పిదప రెండవది, ఇట్లు ఎవరి వేళకు వారు రావలెను. లెక్కకు మించి ఎవరును త్రోసికొని లోనికి పోకుండ రక్షకభటుని కావలి యుంచుకొనుడనియు వ్రాసెను. దేవాలయ ద్వారమున పోలీసు కాపలా పెట్టుమని మతగురువే కోరుట మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. తనవారి భక్తి యెంత గాఢమో, ఆ భక్తి తొక్కిసలాటగా మారుట యెంత సులభమో ఆ వృద్ధుడు ఎరుగును. అన్నపానములయందు మెలకువ, ఇంటను ఒంటను శుభ్రత, మనస్సునకు దిగులు లేకుండుట అని మరికొన్ని హితవులు కూడ చెప్పెను.

ఆ శరత్కాలమున యూదుల సంవత్సరాది, ప్రాయశ్చిత్త దినము వచ్చినవి. ఏడాదిలో మందిరము క్రిక్కిరియు దినములవి. ఎగర్ ఏర్పాటుచేత మందిరమున సగము పీఠములే నింపబడెను. ప్రతివాని ప్రక్కను ఒక చోటు ఖాళీ. ఎవరికి ఏ పండుగనాడు ప్రవేశమో చీట్లు వేసి తేల్చిరి. ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం ఆయనను మెచ్చుకొనుచు లేఖ పంపెను.

కలరా క్రిమిని రాబర్టు కాఖ్ గుర్తించి లోకమునకు చాటినది 1884లో. అది ముఖ్యముగా నీటిద్వారా వ్యాపించునని నేడు మనకు తెలియును గనుక, పీఠముల ఎడముకంటె శుభ్రతను గూర్చిన హితవే ఎక్కువ మేలు చేసియుండునని మా అభిప్రాయము.

1848లో లిథువేనియా దేశపు విల్నా నగరమున మరల కలరా చెలరేగగా, ఇస్రాయేల్ సలాంటర్ అను గురువు కఠినోపవాస దినమైన ప్రాయశ్చిత్త దినమునందే ఆహారము గొనుటకు అనుమతి నొసగెను. ఆయనయే వేదికపై నిలిచి అందరియెదుట భుజించెనని ఒక కథ. ఆ కథ నిజమా యని పండితులు నేటికిని వాదించుచుందురు.

మన సమీపమునకు వచ్చిన, 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టెను. దానికి టీకామందు కనుగొన్న హాఫ్‌కిన్ ఒడెస్సాలో పుట్టిన యూదుడు. 1897 జనవరి 10వ తేదీన దానిని తన శరీరముననే పొడిపించుకొనెను. బొంబాయి యూదులలో ప్రముఖురాలగు ఫ్లోరా ససూన్ ఆయన టీకాను తాను వేయించుకొని ఇతరులకు ధైర్యము కలిగించెను. ఖోజాల గురువగు ఆగాఖాన్ కూడ అట్లే చేసెను. అదే యేడు పూనాలో సైనికులు ఇండ్లు సోదాచేయగా ప్రజలు మండిపడిరి. ప్లేగు అధికారి రాండ్ హత్యకు గురియయ్యెను. తన పెద్ద చెప్పిన కట్టడికిని, తలుపు విరుగగొట్టి వచ్చిన కట్టడికిని గల భేదమిది. ప్లేగు అటుపిమ్మట నిజాము రాజ్యపు పడమటి జిల్లాలకును ప్రాకినది.

2020లో కోవిడ్ వచ్చినపుడు తెలంగాణ ప్రభుత్వము ఆషాఢ బోనములను ఇండ్లలోనే సమర్పింపుమని కోరెను. ఆ యేడే యెరూషలేమున ప్రార్థనా మందిరములు మూతపడగా ఎగర్ జాబును మరల తీసి చదివిరి. ఇరుగుపొరుగులు ఎవరి వసారాలో వారు నిలిచి గొంతు కలిపిరి. వేర్వేరు వసారాలలోని పదిమంది ఒక సభయగునా యను ప్రశ్న లేచెను. ఒకరికొకరు కనబడుచున్న చాలునని కొందరు గురువులు, ఒకే చోట నిలువవలసినదే యని మరికొందరు తీర్పు చెప్పిరి.