దంతవైద్యుల పట్టాలు – వాని నవీకరణము

మా మొగల్తూరు సముద్రమునకు చేరువనున్న గ్రామము. గోదావరి కాలువలకు శివారు. ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ఆనకట్టనుండి బయలుదేరిన నీరు ఎన్నియో లాకులను, తూములను దాటి మా పొలములకు రావలయును. వేసవియందు కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుటకును, గుర్రపుడెక్క ఏరివేయుటకును, గట్లు బాగుచేయుటకును అదియే అదను. ఏ యేట ఈ పని శ్రద్ధగా జరుగదో ఆ యేట ఎగువ రైతునకు లోటు తెలియదు. శివారు రైతు మడి యెండును. కాటనుదొర కాలువ త్రవ్వించియేయున్నాడు గదా, మరల దానిని ముట్టనేల యని మాలో నెవ్వరును అడుగరు.

మనుష్యుని విద్యవిషయమున మాత్రము మన నడవడి వేరు. ఒకమారు పట్టా పుచ్చుకొన్నవాడు కన్నుమూయువరకు పండితుడే యని మన నమ్మకము. ఈ నమ్మకము అన్ని వృత్తులయందును చెల్లునా? వైద్యమున చెల్లునా? దంతవైద్యులు, అందును ఒక్కొక్క శాఖయందు ప్రత్యేకశిక్షణ పొందిన నిపుణులు, తమ యోగ్యతను నియతకాలమున మరల ఋజువుచేసికొనవలయునను పద్ధతి కొన్ని దేశములలో నేర్పడియున్నది. ఆ పద్ధతి ఎట్లు పుట్టినదో, మనదేశమున నెంతవరకు వచ్చినదో విచారింతము.

వైద్యునకు అనుజ్ఞ కావలయునను భావము మనకు క్రొత్త కాదు. శాస్త్రము చదివి, దాని యర్థము నెరిగి, పెద్దలు చేయు కర్మను చూచి, తానును చేసి, పిమ్మట రాజానుజ్ఞ పొందిన తరువాతనే వైద్యుడు వృత్తిలో ప్రవేశింపవలయునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. అభ్యాసవిధానమును గూర్చి అందొక అధ్యాయమే కలదు. పెరికివేయు పనిని నేర్చుకొను శిష్యుడు రోగి నోటిలో చేయిపెట్టుటకు ముందు పనసకాయలోని గింజలపైనను, దొండ మారేడు పండ్ల గుజ్జుపైనను, చచ్చిన పశువుల దంతములపైనను చేయి తిప్పుకొనవలయును. ఇరువది శస్త్రముల పట్టికలో దంతశంకు వను పనిముట్టు చేరియున్నది. కుత్సితవైద్యుడు జనులను చంపుచున్నాడన్న అది రాజు దోషమని కూడ ఆ గ్రంథము నిర్మొగమాటముగ పలికినది. యాజ్ఞవల్క్యస్మృతి మిథ్యావైద్యునకు దండనము విధించినది: పశువుల విషయమున తక్కువ, మనుష్యుల విషయమున మధ్యమము, రాజపురుషుల విషయమున ఉత్తమదండము. రాజపురుషునకొక వెల, సామాన్యునకొక వెల యను తారతమ్యము నేడు మనకు గ్రాహ్యము కాదు. కాని వైద్యుని తప్పునకు ప్రభుత్వము జవాబుదారి యను మూలభావము గ్రాహ్యమే. అయినను ఒక్క విషయము గమనింపదగినది. సుశ్రుతుని ఆ వాక్యములలోని అనుజ్ఞ వృత్తిప్రవేశమునకు. ప్రవేశించిన పిదప ఇరువదియేండ్లకు ఏమి చేయవలయునను ప్రశ్న అక్కడ పుట్టలేదు.

ఆధునికకాలమున దంతవైద్యమునకు చట్టము కట్టుటలో ఇంగ్లండు అనుభవము మనకు పాఠము. అక్కడ 1878లో దంతవైద్యుల చట్టము పుట్టినది. అది దంతవైద్యుడను బిరుదును కాపాడినదే కాని పనిని కాపాడలేదు. బిరుదు పెట్టుకొనక పండ్లు పీకువారికి అడ్డులేకపోయెను. 1921లో మరియొక చట్టము వచ్చి, నమోదు కానివారు ఆ వృత్తిని చేయరాదని నిషేధించినది. కాని అంతకుముందే దంతవైద్యమును జీవనాధారముగ చేసికొన్నవారిని పట్టా లేకున్నను లోనికి రానిచ్చినది. వారి అన్నము తీసివేయుట న్యాయము కాదని నాటి పెద్దలు తలచిరి. అది దయతో కూడిన నిర్ణయమే. కాని దయ వైద్యునిపై చూపబడినది. వాని నోటికి చిక్కిన రోగి నెవ్వరును అడుగలేదు.

మనదేశమున ఈ విద్యకు పునాది వేసినవాడు డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున దంతవైద్యము చదివి వచ్చి 1920లో కలకత్తాయందు దంతవైద్య కళాశాలను స్థాపించెను. 1925లో ఈ శాస్త్రమునకు పత్రికను నడపెను. 1939లో వంగదేశమున దంతవైద్యుల చట్టము వచ్చుటకు ఆయన కృషియే ముఖ్యము. పిదప స్వతంత్ర భారతమున 1948లో యావద్దేశమునకు వర్తించు దంతవైద్యుల చట్టము పుట్టెను. 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడెను. ఆ చట్టము రిజిస్టరును రెండు భాగములు చేసినది. మొదటి భాగమున గుర్తింపుపొందిన పట్టా గలవారు. రెండవ భాగమున పట్టా లేకున్నను అయిదేండ్లకు తక్కువ కాకుండ ఆ వృత్తినే జీవనాధారముగ నడపినవారు. ఇంగ్లండు చూపిన దయనే మనమును చూపితిమి.

ఆ 1948వ సంవత్సరముననే మద్రాసు శాసనసభ మరియొక చట్టము చేసినది. మొగల్తూరు పేరు వినగానే కలిదిండివారి జమీందారీ పలువురకు జ్ఞప్తికి వచ్చును. ఉత్తరసర్కారులలో 1802 నాటి శాశ్వత పరిష్కారమువలన జమీందారులు శాశ్వతమైన సనదులను పొందిరి. ఏటేట పేష్కషు చెల్లించిన చాలును. భూమి బాగుపడెనా, రైతు బ్రదికెనా యని సనదు అడుగదు. అట్టి శాశ్వతాధికారమును 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తొలగించెను. మంచిదే. కాని ఆ యేటనే పుట్టిన దంతవైద్యుల చట్టములో నవీకరణమను మాట ఏ యర్థమున వాడబడినదో చూడుడు. రిజిస్టరులో పేరు నిలుచుటకు ఏటేట రుసుము చెల్లింపవలయునని రాష్ట్రప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చును. చెల్లింపనివాని పేరు కొట్టివేయవచ్చును. చెల్లించిన మరల వ్రాయవచ్చును. ఈ నడుమ వాడేమి చదివెను, ఏమి మరచెను అను ప్రశ్న ఆ నిబంధనలో లేదు. భూమిపై సనదును రద్దుచేసిన యేడే నోటిపై సనదును వ్రాసియిచ్చితిమి. పేష్కషు చెల్లిన చాలును!

శాస్త్రము కదలక నిలిచియుండునదైన ఈ ఏర్పాటునకు దోషము లేదు. కాని శాస్త్రము కదలుచునేయుండును. ఇరువదవ శతాబ్ది మొదట విలియం హంటరు అను బ్రిటిషు వైద్యుడు కుళ్ళిన పండ్లనుండియే దేహమునందలి అనేకరోగములు వ్యాపించునని బోధించెను. అందులో కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ బోధను పట్టుకొని నాటి వైద్యులు కీళ్ళనొప్పులకును, ఇతర వ్యాధులకును విరుగుడని నోటిలోని పండ్లన్నిటిని ఊడబెరికిరి. తరువాతి పరిశోధనలవలన ఆ సిద్ధాంతము బలహీనపడి ఆ పద్ధతి విడువబడినది. 1925లో పట్టా పొంది అంతటితో చదువు మానినవాడు 1955లోను నిర్దోషమైన దంతమును పెరుకుచునేయుండును. పైగా తాను శాస్త్రము ననుసరించుచున్నానని నమ్మును. అజ్ఞానమునకన్న పాతబడిన జ్ఞానము ప్రమాదకరము. ఏలయన దానికి సర్టిఫికెటు కలదు.

మన యాంధ్రదేశమున ఇంతకన్న దగ్గరి నిదర్శనము కలదు. గోదావరి లంకలలో పండు పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకొని పీల్చు అలవాటు, ముఖ్యముగ స్త్రీలయందు, చిరకాలమునుండి కలదు. దానిని అడ్డపొగ యందురు. 1945లో ఖానోల్కరు, సూర్యాబాయి యను శాస్త్రజ్ఞులు అంగిటిలో పుట్టు పుట్టకురుపునకును ఈ యలవాటునకును గల సంబంధమును లోకమునకు వెల్లడించిరి. పిదప గుట్కా వచ్చినది. నోరు తెరువలేని క్రొత్త రోగము పడుచువారిలో ప్రబలినది. అందుచేత దంతవైద్యుడు పండ్లు చూచువాడు మాత్రమే కాడు; పుట్టకురుపును మొట్టమొదట కనిపెట్టగల కాపరి.

ఇక్కడ నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా మేనమామ చుట్ట కాల్చువాడు. ఆయన బుగ్గలోపల తెల్లని మచ్చ యొకటి లేచినది. పట్టణమున పేరుపొందిన దంతవైద్యునొద్దకు నేనే తీసికొనిపోతిని. గోడమీద అద్దపు చట్రములో ఆయన పట్టా వ్రేలాడుచుండెను. కాగితము పసుపువన్నె తిరిగినది. పన్ను అంచు గీసికొనుచున్నదని చెప్పి ఆయన దానిని అరగదీసి పంపెను. మూడుమార్లు పోతిమి, మూడుమార్లును అదే మాట. ఏడాది గడచిన పిదప మరియొకచోట ఒక యువ నిపుణురాలు చూచిన దినముననే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపినది. మామ బ్రదికెను, కాని దవడలో సగము పోయెను. ఇప్పటికిని అన్నము మెత్తగా కలిపి పెట్టవలయును. ఆ మొదటి వైద్యుడు దుర్మార్గుడు కాడు. చేయి మంచిది, బీదలవద్ద రుసుము పుచ్చుకొనడు. ఆయన చదివిననాటి చదువు ఆయన చక్కగనే చదివెను. ఆ తరువాత ఆయనను ప్రశ్న అడిగినవారు లేరు. అంతే.

అడుగు పద్ధతి యెట్లుండును? అమెరికాలో 1929లో వంకరపండ్లను సరిచేయు శాఖకు ఒక బోర్డు ఏర్పడినది. దంతవైద్యశాఖలలో మొట్టమొదటి బోర్డు అదియే. దాని తొలి యధ్యక్షుడు ఆల్బర్ట్ కెచమ్. ప్రభుత్వపు లైసెన్సు వేరు, ఈ బోర్డు పత్రము వేరు. లైసెన్సు లేనిది వృత్తి చేయరాదు. బోర్డు పరీక్షకు కూర్చుండుట స్వచ్ఛందము. తాను చికిత్సచేసిన రోగుల వృత్తాంతములను తోటి పండితుల యెదుట నుంచి మెప్పించినవానికే పత్రము ఇచ్చుచుండిరి. కాని ఆ పత్రము చాలకాలము జీవితాంతము చెల్లుచుండెను. ఇతర వైద్యశాఖలలో 1969లో ఏర్పడిన కుటుంబవైద్యుల బోర్డు ఈ యాచారమును మార్చి, తన పత్రమునకు ఏడేండ్ల గడువు పెట్టినది. 1998 మొదలు పైజెప్పిన దంతశాఖ బోర్డును తన క్రొత్త పత్రములకు పదియేండ్ల గడువు నిర్ణయించినది. అంతకుముందు పొందినవారి పత్రములకు మాత్రము గడువు లేదు. ఇక్కడను పాతకాపులకు మినహాయింపు! 1921, 1948, 1998 – మూడు చోట్లను క్రొత్తగా వచ్చువానికే తూకము. ఎవని విద్యకు పూడిక హెచ్చుగా పట్టియుండునో వానికే మినహాయింపు.

ఇంగ్లండు మరియొక మార్గము త్రొక్కినది. 2002లో అక్కడి దంతవైద్యులు అయిదేండ్లలో 250 గంటలు విద్యాభ్యాసము చేయవలయునని నిర్బంధించిరి. మనదేశమునను 2007లో దంతవైద్య మండలి నిరంతరవిద్యకు నిబంధనలు చేసినది. వంకరపండ్ల శాఖవారు 1965లో స్థాపించుకొన్న సంఘము ఆ శతాబ్ది చివర తమ శాఖకు స్వచ్ఛందమైన బోర్డును నెలకొల్పుకొన్నది. ఇవి మెచ్చదగిన యడుగులు. కాని సభలో కూర్చుండుట వేరు, నేర్చుకొనుట వేరు. హాజరుపట్టీ చూచి పిల్లవానిని పై తరగతికి పంపిన ఫలమేమో బడిపంతులునైన నాకు తెలియనిది కాదు.

దీనికి ఆక్షేపణలు కలవు, వానిని త్రోసిపుచ్చరాదు. వృద్ధవైద్యుని చేతి యనుభవము కాగితపు పరీక్షలో తేలదని కొందరందురు. నిజమే, అందుచేతనే పరీక్ష కాగితముమీద కాక, ఆయన ఇటీవల చేసిన చికిత్సలమీద జరుగవలయును. పల్లెలో ఒంటరిగ నుండు వైద్యుడు వైద్యశాల మూసి పట్టణమునకు పోయిన రోగుల గతి యేమందురు. ఇదియు నిజమే, పరీక్ష ఆయనయొద్దకు రావలయును. 1959లో హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్య కళాశాల వెలసినది; 2002లో మాకు కూతవేటు దూరమున భీమవరముననే దంతవైద్య కళాశాల వెలసినది. నేడు తొమ్మిది శాఖలలో నిపుణులను తయారుచేయు ఏర్పాటు దేశమున కలదు. పట్టా లిచ్చు కళాశాలలు తామిచ్చిన పట్టాలకు పూడిక తీయు భారమును కూడ వహింపవచ్చును. ఇక పరీక్షలు రుసుము గుంజుటకు సాధనములగునని మూడవ ఆక్షేపణ. ఇది అన్నిటికన్న గట్టిది. రుసుము పుచ్చుకొనువాడు, పరీక్షించువాడు ఒక్కడే కారాదు. ఫలితము ప్రజలకు తెలియవలయును. తప్పినవానిని వెళ్ళగొట్టక, నేర్చుకొనుటకు గడువు, సాయము ఈయవలయును. కాలువ పూడెనని కాలువను పూడ్చివేయము గదా!

2023లో పార్లమెంటు పాత చట్టమునకు బదులుగ జాతీయ దంతవైద్య కమిషను చట్టమును చేసినది. అందు జాతీయ రిజిస్టరునకును, చదువు ముగించి వృత్తిలో ప్రవేశించువారికి నిష్క్రమణ పరీక్షకును ఏర్పాటు కలదు. ద్వారమువద్ద కావలి బలపడినది, సంతోషము. కాని మా మేనమామను చూచిన వైద్యుడు ద్వారమును సక్రమముగనే దాటినవాడు. ముప్పదియేండ్ల పిదప ఆయన గది తలుపు తట్టువా రెవరు? అయిదేండ్లకో పదియేండ్లకో ఒకమారు, ముందుగ నిపుణులను, పిదప అందరను, పాత క్రొత్త భేదము లేక తట్టు నిబంధన రావలయును.

ఈ మాట వ్రాయుచు నన్ను నేను మరువలేదు. నేను ఉపాధ్యాయ పరీక్షలో కృతార్థుడనై ఇరువదియేండ్లు దాటినది. ఆ తరువాత నాకేమి వచ్చునో ఎవ్వరును అడుగలేదు. నా పట్టాయు ఇంటిలో చట్రమునందే యున్నది. వైద్యుని అడిగిన ప్రశ్నను పంతులును అడుగుడు. అందుకు నేను సిద్ధముగనే యున్నాను. వేసవి వచ్చుచున్నది. మా యూరి కాలువ కట్టివేయుదురు. పారలు పట్టుకొని దిగువారు కాలువ నవమానించుటకు దిగరు. శివారు మడికి నీ రందుటకు దిగుదురు.